చరగ పడని చోటు

పత్రికలవాళ్ళు మాఫియా అని రాసేవాళ్ళు. టీవీలో ఆ మాట వచ్చినప్పుడల్లా వెనకాల భయం పుట్టించే సంగీతం ఒకటి పెట్టేవాళ్ళు. మా ఊళ్ళో ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు. మేం గేటోళ్ళు అనేవాళ్ళం. పాలోళ్ళు, కరెంటోళ్ళు, గేటోళ్ళు. అంతే తేడా.

మాది బళ్ళారి జిల్లాలో సండూరుకీ తారానగర్‌కీ మధ్యన, కొండకు ఆనుకుని ఉన్న చిన్న ఊరు. ఇనుప ఖనిజం ధర ఆకాశానికెక్కిన ఆ కొద్ది ఏళ్ళలో మా ఊరి పక్క నుంచి లారీ పోని గంట లేదు. పర్మిట్ ఉన్న లారీలు పెద్ద రోడ్డు మీద చెక్‌పోస్టు దాటి పోయేవి. పర్మిట్ లేనివి, ఒకే పర్మిట్ మీద పదిసార్లు తిరిగేవి చేల మధ్య నుంచి దారులు చేసుకున్నాయి. ఆ దారుల మీద కూర్చునేవాళ్ళే గేటోళ్ళు. రెండు గుంజలు, వాటి మధ్య నైలాన్ తాడు, నీడకు ఒక టార్పాలిన్, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, కుండలో చల్లని నీళ్ళు. లారీ వచ్చి ఆగుతుంది. డ్రైవరు డబ్బు కట్టి తెచ్చుకున్న చీటీ చూపిస్తాడు. చీటీ ఉంటే తాడు దిగుతుంది, లేకపోతే దిగదు. చీటీ లేకుండా తాడు తెంపుకుని పోయిన డ్రైవరు ఒకడు ఉండేవాడట. వాడు మళ్ళీ స్టీరింగ్ పట్టలేదని చెప్పుకునేవాళ్ళు. చేతులకేమైందో చెప్పేవాళ్ళు చెప్పరు, వినేవాళ్ళు అడగరు.

నేనప్పుడు సండూరు కాలేజీలో బీకాం చదువుతున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దిగేసరికి జడ ఎర్రగా అయ్యేది. క్లాసులో మా లెక్చరరు గిరాకీ గురించీ సరఫరా గురించీ బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి కలిసే చోట చుక్క పెట్టి, ఇదే ధర అనేవారు. ఆ రెండు గీతల మధ్యన ఒక నైలాన్ తాడు ఉంటుందని మా పుస్తకంలో ఎక్కడా రాయలేదు. నేను ఒకసారి లేచి అడిగాను కూడా. సిలబస్‌లో లేనిది అడగొద్దన్నారాయన. ఆయనకూ ఒక లారీ ఉందని తర్వాత తెలిసింది.

గేటోళ్ళు ఎక్కడి నుంచో ఊడిపడినవాళ్ళు కాదు. ఒకడు మా రేషన్ షాపులో కిరోసిన్ పోసినవాడు. ఇంకొకడు కబడ్డీ బాగా ఆడేవాడు. వాళ్ళ పెద్దను అందరం గేటన్న అనేవాళ్ళం. బండ్రి వైపు మనిషి. ఒకప్పుడు లారీ క్లీనరు. నోరు తెరిస్తే తేనె కారేది. మా అవ్వ ఎదురుపడితే వంగి కాళ్ళకు దండం పెట్టకుండా పోయేవాడు కాదు. అవ్వ అంటే మా నాయనమ్మ. ఒకసారి ఆమె మెట్ల మీద జారి పడితే, అంబులెన్స్ వచ్చేలోగా తన జీపులో ఆస్పత్రికి తీసుకుపోయింది గేటన్నే. దారి పొడవునా లారీలను పక్కకు తీయించాడు. అలాంటి మనిషిని చెడ్డవాడనుకోవడానికి చాలా ఓపిక కావాలి. నాకు ఓపిక తక్కువ, అందుకే నేను తొందరగానే అనుకున్నాను.

మా చేను కొండ కిందే. పై అంచున, కొండ రాయి మొదలయ్యే చోట, ఒక దోన ఉండేది. రాతిలో తనంతట తానే ఏర్పడిన గుంట. కొండలో ఊరిన నీళ్ళు సన్నగా దిగి అందులో నిండేవి. దోన నుంచి చిన్న కాలువ తవ్వి చేనుకు పెట్టుకున్నారు మా తాత. బోరు లేదు, బావి లేదు. చుట్టుపక్కల చేలు వాన కోసం ఆకాశం చూసే రోజుల్లో మా చేలో మిరప పచ్చగా ఉండేది. నా చదువు, ఇంట్లో బియ్యం, పండక్కి బట్టలు అన్నీ ఆ మిరప నుంచే. ఆ దోన లేకపోతే మాది కూడా అందరి చేల లాంటి చేనే. ఈ సంగతి నాయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నీళ్ళు తక్కువైన సంవత్సరం ఆయన అన్నం కూడా తక్కువ తినేవాడు.

మా వైపు మార్గశిర అమావాస్యను ఎళ్ళమాస అంటారు. ఆ రోజు ఇంటికి తాళం వేసి అందరం చేనుకు పోతాం. సజ్జ రొట్టెలు, జొన్న కడుబులు, వంకాయ పల్యం, పుండికూర, గురెళ్ళ పొడి, పెరుగన్నం, అన్నీ ముందు రోజే వండి బుట్టలకెత్తుతారు. అప్పటికి భూమి కడుపుతో ఉంటుందని లెక్క. కడుపుతో ఉన్న మనిషికి నోరూరినట్టే భూమికీ ఊరుతుందట. అందుకని వండినవన్నీ కొంచెం కొంచెం కలిపి, ఇంటి యజమాని బుట్ట పట్టుకుని గట్టు వెంబడి నడుస్తూ పిడికెడు పిడికెడు చల్లుతాడు. వెనకాల ఒకరు చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ పోతారు, ఇద్దరూ "పొలి పొలి" అంటారు. దాన్నే చరగ చల్లడం అంటాం. చల్లి వచ్చాక, ఆ చేలో ఎవరు అడుగుపెట్టినా ఆకు వేసి పెట్టాలి. శత్రువైనా సరే, పో అనకూడదు.

చరగ విషయంలో అవ్వ చాలా గట్టి మనిషి. గట్టు వెంబడి ఒక మూల కూడా వదలకూడదు. చిన్నప్పుడు నేను ముళ్ళ కంప ఉందని ఒక మలుపు అడ్డంగా దాటితే వెనక్కి పంపింది.

"ఆడ పడల్యా. పోయి చల్లేసి రా. చరగ పడని చోటు మనల్ని మర్చిపోతాది," అంది.

ఇది ఆమె ఒక్కతే అనే మాట కాదు. ఊరంతా అంతే అనేవాళ్ళు. చరగ ఎంతవరకు పడితే అంతవరకే నీ చేను. పాత రోజుల్లో గట్ల తగాదా వస్తే పెద్దలు, నువ్వు యాడ దాకా చల్లితివప్పా అని అడిగి తీర్పు చెప్పేవాళ్ళట.

మా చేను మీదుగా దారి కావాలని గేటన్న వచ్చినప్పుడు కోతలు అయిపోయి ఉన్నాయి. వెంట చిన్నాయన కూడా ఉన్నాడు. చిన్నాయన నాయనకు తమ్ముడు. అప్పటికే అప్పు చేసి లారీ కొన్నాడు. పర్మిట్ లేదు కాబట్టి చేల దారులే ఆయనకు గతి.

"మావా, నీ చేను నాకు వద్దు," అన్నాడు గేటన్న. "కొండ పక్క అంచు ఇయ్యి చాలు. లారీ పోయేంత. మల్లా మిరప ఏసేలోగా తీసేస్తా."

"దోన ఆడనే ఉండాది కదప్పా," అన్నాడు నాయన. "నీళ్ళు యాడనుంచి రావాల?"

"దారి కింద సిమెంటు పైపు ఏస్తా. నీ నీళ్ళకు నేను అడ్డం వస్తానా మావా?"

నాయన తమ్ముడి మొహం చూశాడు. చిన్నాయన నేల చూస్తూ, "నువ్వు వద్దంటే నా లారీ యాడ తిరగాలన్నా," అన్నాడు. పై సందులో దారి ఇవ్వనన్న ఒకాయన గడ్డివామి అంతకు ముందే అంటుకుని కాలిపోయింది. మొట్టమొదట పరామర్శకు పోయింది గేటన్నే. ఆయన ఎద్దులకని ఒక ట్రాక్టరు గడ్డి కూడా తోలించాడు. ఆ గడ్డిని ఊళ్ళో అందరం చూశాం. నాయన సరేనన్నాడు.

పైపు వేశాడు, మాట తప్పలేదు. నీళ్ళు వచ్చేవి. దారి మీద తాడు కట్టారు. మా దోన పక్కనే కుర్చీలు వేసుకున్నారు. లారీ డ్రైవర్లు దోనలో ముంచుకుని ఇంజన్లకు నీళ్ళు పోసుకునేవాళ్ళు. మిరప ఆకుల మీద ఎర్ర దుమ్ము పేరుకుపోతే అమ్మా నేనూ తడిగుడ్డతో తుడిచేవాళ్ళం. ఒక చేనంతా గుడ్డతో తుడిచిన పిచ్చిది ఈ లోకంలో నేనొక్కదాన్నేనేమో అని అమ్మతో అంటే, "నోరు మూసుకుని తుడు, దుమ్ము నోట్లోకి పోతాది," అంది అమ్మ. మిరప వేసే కాలం వచ్చి పోయింది కానీ దారి పోలేదు. నాయన అడిగినప్పుడల్లా గేటన్న, "ఈ ఒక్క సీజను మావా," అనేవాడు.

ఆ మధ్యలో ఒక రోజు పొద్దున్నే గేటోళ్ళు తాడు విప్పి చుట్ట చుట్టి టార్పాలిన్ కింద దాచారు. గుంజలు పీకేశారు. ట్యాంకరుతో దారి పొడవునా నీళ్ళు కొట్టించారు. కాసేపటికి మూడు తెల్ల కార్లు వచ్చాయి. సముద్రం అవతల, చైనాలో, మా ఖనిజం కొనేవాళ్ళ తరఫు మనిషట. సరుకు ఎక్కడి నుంచి వస్తుందో కళ్ళారా చూసి పోవాలని వచ్చాడు. వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు. ఎండకు మొహం కందిపోయింది. వంగి చిటికెడు మట్టి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి, ఆ ఎరుపు చూసి నవ్వాడు. గేటన్న ఎళనీరు బోండాం కొట్టి ఇచ్చాడు. ఆ మనిషి తాగి, పక్కనున్న దుబాసీతో ఏదో అన్నాడు. దుబాసీ బెంగళూరు వాడు, కన్నడంలో అడిగాడు. ఈ దారి ఎవరిది అని.

"కంపెనీ దారి సార్," అన్నాడు గేటన్న.

నాయన అక్కడే పారతో నిలబడి ఉన్నాడు. "నాదప్పా ఇది. నా చేను," అన్నాడు. గట్టిగానే అన్నాడు. దుబాసీ నాయన వైపు చూశాడు, గేటన్న వైపు చూశాడు, తర్వాత ఆ మనిషికి ఇంగ్లీషులో, ఇక్కడి రైతు మీకు నమస్కారం చెబుతున్నాడు అన్నాడు. నాకు ఇంగ్లీషు అంతమాత్రం వచ్చు. ఒళ్ళు మండింది. ముందుకు పోయి చెప్పబోతే అమ్మ నా చెయ్యి పట్టి గుంజింది. ఆ మనిషి నాయనకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, దోన ముందు నిలబడి ఫోటో తీయించుకుని, కార్లో కూర్చున్నాడు. దుమ్ము లేవలేదు. కార్లు కనబడకుండా పోయాక గేటోళ్ళు గుంజలు పాతి తాడు కట్టారు.

ఆ మనిషి మీద నాకు చాలా రోజులు కోపం ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే అతను చేసినదాంట్లో ఒక తెలివి ఉందనిపిస్తుంది. అడగాల్సింది అడిగాడు. తనకు పనికొచ్చే జవాబు విన్నాడు. తాడు కట్టేవాళ్ళు లేకపోతే అంత చవగ్గా అంత సరుకు అంత తొందరగా ఓడ ఎక్కదు. తాడు కనబడితే అతను కొనడానికి వీల్లేదు. అందుకే అతను వచ్చిన రోజు మాత్రం తాడు ఉండకూడదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి అవసరం, ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోకపోవడం కూడా అవసరమే. బీకాం మూడేళ్ళలో నేను నేర్చుకున్న వ్యాపారం ఇంతే.

ఆ సంవత్సరం ఎళ్ళమాసకు చేనుకు పోయేసరికి మా దారి మీద లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. రేవులో ఓడ వచ్చి ఉందట, తొందర. నాయన బుట్ట పట్టుకుని కింది గట్టు నుంచి మొదలుపెట్టాడు. నేను నీళ్ళ చెంబుతో వెనకాల. పై అంచుకు వచ్చేసరికి నాయన ఆగిపోయాడు. చేను అసలు గట్టు దారికి అవతల ఉంది. దారి మీద వరస కట్టిన లారీలు మెల్లగా కదులుతున్నాయి. చరగ చల్లితే అది టైర్ల కింద పడుతుంది.

"ఏం చేద్దామమ్మా?" అని కిందనున్న అవ్వను కేకేసి అడిగాడు.

అవ్వ చాలాసేపు చూసింది. "కడుపుతో ఉన్న తల్లి నోటికాడి కూడు చక్రాల కింద ఏస్తారా ఎవరైనా? పాపం తగులుతాది. దారికి ఈ పక్కనే చల్లుకుంటా రా. ఈ ఒక్క ఏడాదికి ఆయమ్మ ఓర్చుకుంటాది," అంది.

నాయన దారికి ఇవతల నుంచే నడిచాడు. దోన అవతలే ఉండిపోయింది.

చరగ అయ్యాక పందిరి కింద ఆకులు వేశాం. గేటోళ్ళు వచ్చి వరసగా కూర్చున్నారు. రావద్దనకూడదు కదా. గేటన్న కూడా వచ్చాడు. అమ్మ వడ్డిస్తే కడుబు మీద కడుబు తిన్నాడు. పుండికూర ఎవరు చేశారని అడిగి మరీ మెచ్చుకున్నాడు. చెయ్యి కడుక్కుంటూ అవ్వను అడిగాడు, "అవ్వా, ఆ పక్కకు పోల్యా ఏందికి?" అని. అవ్వ మనసులో ఏమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. టైర్ల కింద పడుతుందని, అందుకే ఈ ఏడు అక్కడ చరగ పడలేదని, పడని చోటు మనది కాకుండా పోతుందని భయమేననీ, అయినా వచ్చే ఏడు రెండింతలు చల్లుతామనీ. గేటన్న శ్రద్ధగా విన్నాడు. వెళ్ళేముందు మళ్ళీ కాళ్ళకు దండం పెట్టాడు.

వేసవిలో నాయన, ఇంక దారి తీసేయండప్పా, నేను దుక్కి దున్నుకోవాల అన్నాడు. అప్పుడు గేటన్న పెద్దలను పిలిపించాడు. బస్టాపు పక్కన ఉగ్గాని హోటలు ముందు బెంచీల మీద కూర్చున్నారు. నేనూ పోయాను. ఆడపిల్లకు ఏం పని అన్నట్టు చూశారు కానీ పొమ్మనలేదు.

"నేను దొంగను కాదు," అన్నాడు గేటన్న. "ఒకరి భూమి నాకెందుకు? పెద్దలు మీరే చెప్పాల. ఎళ్ళమాసకు చరగ పడని చోటు ఎవురిది?"

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో లారీ లేని ఇల్లు లేదు. "పద్ధతి అయితే అదే. పడని చోటు వాళ్ళది కాదు," అన్నాడు ఒకాయన. మిగిలినవాళ్ళు గంగిరెద్దుల్లా తలలూపారు.

"అమ్మవారి కూడు టైర్ల కింద పడగూడదని చల్లల్యా నేను," అన్నాడు నాయన.

"అది నీ భక్తి మావా. నేను కాదనను. నువ్వు వదిలితివి, నేను పట్టుకుంటి. మా అందరి ముందర అవ్వే చెప్పింది కదా."

మా ఇంట్లో అన్నం తిని, మా అవ్వ నోటి మాట మూట కట్టుకుపోయి, దాంతోనే మా చేను కోశాడు. ఆ రోజు నాకు పట్టిన కోపం ఇప్పుడు రాస్తుంటే కూడా చల్లారలేదు. గడ్డివాములు కాల్చేవాడికి మన ఆచారం మన కంటే బాగా పనికొస్తుందని మాకు అప్పటిదాకా తోచలేదు. నాయన ఇంటికి వచ్చి అవ్వకు ఆ సంగతి చెప్పలేదు. ఊరివాళ్ళు చెప్పారు.

సర్వేయరు వచ్చి దారికి ఇవతల రాళ్ళు పాతాడు. ఆ అంచు గేటన్నదేనని పెద్దలు సాక్షి సంతకాలు చేశారు. ఆ ఏడాది తిరగకముందే ఆ అంచు చేతులు మారి ఒక కంపెనీకి పోయింది. ఇనుప కంచె వచ్చింది, నీలం బోర్డు వచ్చింది, ఎక్కడి నుంచో వచ్చిన యూనిఫాం సెక్యూరిటీ వచ్చాడు. పైపు మూసేశారు. దోన కంచె అవతల నిండుగా ఉండేది. మా మిరప ఇవతల ఎండిపోయింది.

నాయనా నేనూ బళ్ళారిలో ఆ కంపెనీ ఆఫీసుకు పోయాం. అద్దాల తలుపులు, చల్లగాలి. నా వయసే ఉన్న ఆఫీసరు కుర్చీ చూపించి కాఫీ తెప్పించాడు. మేం చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు.

"మేం కొన్నది చట్టప్రకారం. పేపర్లు క్లియర్‌గా ఉన్నాయి. అంతకుముందు ఏం జరిగిందో మాకు సంబంధం లేదు కదా," అన్నాడు.

"అక్కడ తాడు కట్టినవాళ్ళు మీ మనుషులు కారా?" అన్నాను.

"తాడా? మాకు సెక్యూరిటీ ఏజెన్సీ ఉంది మేడమ్," అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. అతనికి తాడు సంగతి తెలిసి ఉండకపోవచ్చు. తెలియకుండా ఉండే చోటే అతనికి కుర్చీ వేశారు. గేటన్న టార్పాలిన్ నుంచి ఆ అద్దాల తలుపు దాకా బస్సులో ఇంత దూరమని చెప్పొచ్చు కానీ, వాళ్ళను అడిగితే ఇద్దరి మధ్యా దారే లేదంటారు. కాఫీ బాగుంది. నాయన తాగలేదు.

కేసు వేశాం. సండూరు వకీలు ఫైలు చూసి మొదట అడిగింది చరగ గురించే. కంచెకు ఇవతల చరగ చల్లుతూ తిరిగితే ఇంతవరకే మాది అని మీరే ఒప్పుకున్నట్టవుతుంది, కేసు తేలేదాకా ఆపండి అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "కోర్టు కోసరం ఆయమ్మను పస్తులు పెడతారా?" అని తిట్టింది. చివరికి ఆమే ఒక ఉపాయం చెప్పింది. గట్లమ్మట తిరగకుండా, చేను నడిమధ్యలో ఒకే చోట కుప్పగా పెట్టి రమ్మంది. కేసు నడిచిన అన్ని ఏళ్ళూ అట్లాగే చేశాం. నాయన బుట్ట అక్కడ దించి, కంచె వైపు చూడకుండా వచ్చేసేవాడు. నీళ్ళు లేక చేలో జొన్న తప్ప ఏమీ వేయలేదు. నేను సండూరులో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉద్యోగానికి కుదిరాను. ఊళ్ళో ఇంకో పని దొరకలేదు మరి. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

తర్వాత మైనింగ్ ఆగిపోయింది. పై కోర్టు ఆపేసింది. ఒక వారంలో రోడ్డు మీద దుమ్ము లేదు, శబ్దం లేదు. చిన్నాయన లారీని ఫైనాన్సోళ్ళు తోలుకుపోయారు. గేటన్న కొన్నాళ్ళు కనబడలేదు. మళ్ళీ కనబడినప్పుడు తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని మా వాకిట్లోనే నిలబడ్డాడు.

"మావా, నీ కేసులో సాక్షి చెప్తా," అన్నాడు. "ఆ పొద్దు ఏందికి చరగ పడలేదో నేను విన్న్యా కదా. కంపెనీవోళ్ళు నన్ను వాడుకొని ఇసిరేసినారు. మనమిద్దరం ఒకే మాదిరి మోసపోతిమి."

నేను చీపురు తీసుకున్నాను. నాయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయనకు కావాల్సింది న్యాయం కాదు, నీళ్ళు. వాడి సాక్ష్యం తీసుకున్నాడు. వాడితో ఒక్క మాట మాట్లాడలేదు, కూర్చోమనలేదు. కోర్టులో గేటన్న చాలా బాగా మాట్లాడాడు. అవ్వ చెప్పిన మాటలన్నీ పొల్లు పోకుండా చెప్పాడు. కంపెనీ తరఫున ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. ధర పడిపోయింది, వాళ్ళకు ఆ అంచుతో పని తీరిపోయింది. కేసు గెలిచాం.

సర్వేయరు మళ్ళీ వచ్చి రాళ్ళు పాత చోట పాతాడు. కంచె పీకేశారు. అది మార్గశిరం. ఆ ఎళ్ళమాసకు అమ్మ ఎప్పుడూ లేనన్ని వంటలు చేసింది. చిన్నాయన కూడా వచ్చాడు. అవ్వకు అప్పటికి కళ్ళు సరిగా కనబడవు. మంచం మీద చేనుకు మోసుకొచ్చి నీడలో కూర్చోబెట్టాం.

నాయన తలగుడ్డ కట్టుకుని బుట్ట ఎత్తుకున్నాడు. నేను చెంబు పట్టుకున్నాను. కింది గట్టు, పక్క గట్టు, ఒక్క అడుగు వదలకుండా చల్లాడు. "పొలి పొలి" అంటుంటే ఆయన గొంతు మళ్ళీ పాత గొంతులా ఉంది. ఈ ఏడు మిరప నారు పోద్దాం పాపా అన్నాడు నడుస్తూనే. విత్తనాలు ఎవరి దగ్గర మంచివి ఉన్నాయో కూడా చెప్పాడు. పాత దారి దాటి దోన దగ్గరికి పోయాం.

దోనలో నీళ్ళు లేవు. మార్గశిరంలో అది ఎండడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. అడుగున ఒక టైరు ముక్క, ప్లాస్టిక్ సీసాలు, పగిలిన బురద. నాయన వంగి ఊట దిగే రాతి చీలికలో చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. ఏమైందో చూద్దామని బుట్ట పట్టుకునే రాళ్ళెక్కి పైకి పోయాడు. నేనూ ఎక్కాను.

కింద నుంచి చూస్తే కొండ కొండలాగే ఉండేది. వెనక తవ్వుతున్నారని మాకు తెలుసు. లారీల్లో పోతున్నది మా నీళ్ళు కూడానని మాత్రం తట్టలేదు. ఖనిజం కొండలో ఉంటుంది, నీళ్ళు మనవి, అంతే అనుకున్నాం. పైకెక్కి చూస్తే అవతల ఏమీ లేదు. మేం నిలబడ్డది ఒక గోడ లాంటి అంచు. దాని వెనక మెట్లు మెట్లుగా కోసుకుంటూ కిందికి పోయిన ఎర్రటి గుంత, మా ఊరంత గుంత. అడుగున కాస్త పచ్చటి నీళ్ళు నిలబడి ఉన్నాయి. అందుకోవడానికి లేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. కేసు ఓడిపోతామనుకున్న రోజుల్లో కూడా నేను ఏడవలేదు.

పొలి మాట ఆగిపోయేసరికి కింద నుంచి అవ్వ కేకేసింది. "ఏంరా, నిలబడిపోతివి? చరగ నడిమిట్ల నిలపగూడదు."

"నీళ్ళు లేవమ్మా," అన్నాడు నాయన.

"యాల లేవు? కొండ ఉండాది కదా."

"కొండ లేదమ్మా. పోయినాది."

"కొండ యాడికి పోతాదిరా? ఎగతాళి చేస్తాండావా?"

"చైనాకి పోయినాదమ్మా," అన్నాడు నాయన. ఆయన ఎగతాళి చేయలేదు. ఎవరింటి పిల్లనో ఎక్కడికిచ్చారో చెప్పినట్టు చెప్పాడు.

అవ్వ అడిగింది, "అట్లయితే కోర్టోళ్ళు మనకు ఇచ్చిందేందిరా?"

నాయన రాళ్ళు దిగి దోన దగ్గరికి వచ్చాడు. ఇంకా ఒక పక్క గట్టంతా మిగిలే ఉంది. బుట్టలో ఉన్నదంతా, కడుబులు, రొట్టెలు, పెరుగన్నం, ఎండిన దోనలో ఒక్కసారే కుమ్మరించాడు. ఖాళీ బుట్ట నా చేతికిచ్చి, గట్టు మీదుగా కాకుండా చేనుకు అడ్డంగా నడిచి వెళ్ళి అవ్వ పక్కన కూర్చున్నాడు. మిగిలిన గట్టు సంగతి అవ్వ అడగలేదు.